మేనరికానికి మనం చెప్పుకొనే నాలుగు సాకులు

మచిలీపట్నం నుండి అవనిగడ్డ వరకు, గుడివాడ నుండి నాగాయలంక వరకు, ఏ ఇంట పెళ్లి మాట వచ్చినా ముందుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "మేనమామ కొడుకు ఉండగా బయటి సంబంధం ఎందుకు?" ఈ ప్రశ్న వెనుక ఆప్యాయత ఉంది, పొలం చీలిపోకూడదన్న జాగ్రత్త ఉంది, కట్నం లెక్క ఉంది, తెలిసిన గడపన్న ధీమా ఉంది. పుట్టబోయే బిడ్డ గురించిన ఆలోచన మాత్రం లేదు. వైద్యుడు ఆ మాట ఎత్తగానే పెద్దల వద్ద సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. రక్తవర్గాలు వేరంటారు. గోత్రాలు వేరంటారు. తరతరాలుగా చేసుకుంటున్నాం, ఏమీ కాలేదంటారు. కొంత చదువుకున్నవారైతే, చెడ్డ జన్యువులను ప్రకృతి ఎప్పుడో ఏరివేసి ఉంటుందని కూడా అంటారు.

ఈ నాలుగు సమాధానాలూ తప్పే. అవి ఎందుకు తప్పో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. జీవపరిణామ శాస్త్రంలోను, జనాభా జన్యుశాస్త్రంలోను ఉన్న తొలి పాఠాలు, భిన్నాల లెక్కలు వస్తే చాలు. పాఠకులు ఓపికగా చివరి వరకు చదవాలని, చదివిన తరువాత ఇంట్లో ఒక్కరితోనైనా చర్చించాలని నా కోరిక.

ఇది ఎక్కడో మారుమూల మిగిలిపోయిన ఆచారమని భ్రమపడకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు మంది వివాహిత స్త్రీల భర్తలు వారికి రక్తబంధువులే. దేశం మొత్తం మీద ఆ నిష్పత్తి సుమారు 11 శాతం మాత్రమే. మన ఈ ప్రత్యేకత ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టిలో కొత్తదీ కాదు. జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన మహనీయులలో ఒకరైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చి, ఇక్కడే స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల తొలినాళ్లలోనే ఆంధ్రదేశపు మేనరికాల విస్తృతిని, వాటి ఫలితాలను పరిశీలించి ప్రకటించారు. అరవై ఏళ్లుగా శాస్త్రం చెబుతూనే ఉంది. మనమే చెవిన పెట్టలేదు.

ముందుగా ఒక చిన్న లెక్క

మన శరీరంలో ప్రతి జన్యువుకు సాధారణంగా రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుండి, రెండోది తండ్రి నుండి వస్తాయి. ఎన్నో జన్యువుల విషయంలో ఒక ప్రతి చెడిపోయినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి వ్యక్తికి ఏ జబ్బూ ఉండదు. అతడు ఆ లోపానికి వాహకుడు మాత్రమే. మీరు, నేను, ఈ వ్యాసం చదువుతున్న ప్రతి ఒక్కరూ ఇలాంటి లోపాలు కొన్నింటిని మోస్తున్నవారమే. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపానికి వాహకులైనప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు ప్రతి కాన్పులోను బిడ్డకు చెడిన ప్రతులు రెండూ చేరి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తలసీమియా, సికిల్ సెల్, కొన్ని రకాల పుట్టు చెవుడు, కొన్ని జీవక్రియా లోపాలు, వెన్నెముక నరాలకు సంబంధించిన కండరాల క్షీణత ఈ దారినే వస్తాయి.

మీలో ఒక లోపం ఉందనుకోండి. అదే ప్రతి మీ మేనమామ కూతురిలోనో మేనత్త కొడుకులోనో ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మీ అక్క కూతురిలో ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఒక సమాజంలో ఒక జన్యువు ప్రతులు నూరు తీసుకుంటే అందులో ఒకటి చెడినదనుకుందాం. బంధుత్వం లేని దంపతులకు పుట్టే 10,000 మంది పిల్లలలో ఒకరికి ఆ జబ్బు వస్తుంది. మేనబావ, మేనమరదలు దంపతులైతే 10,000 మందిలో ఏడుగురికి వస్తుంది. మేనమామ, మేనకోడలు దంపతులైతే 13 మందికి వస్తుంది. లోపం ఎంత అరుదైనదైతే ఈ తేడా అంత పెరుగుతుంది. వేయి ప్రతులలో ఒకటి మాత్రమే చెడినదైతే, మేనరికంలో ప్రమాదం అరవై రెట్లకు పైగా ఉంటుంది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. ఏ దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక తీవ్రమైన పుట్టులోపంతో పుడతారు. మేనబావ మరదళ్ల విషయంలో దానికి మరో రెండు మూడు కలుస్తాయి. అంటే మేనరికపు పిల్లలలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. ఈ నిజాన్ని దాచిపెట్టి భయపెట్టడం వైద్యుడి పని కాదు. అయితే నలుగురిలో ఒకరు ఈ దారిని నడిచే రాష్ట్రంలో, ఆ రెండు మూడే వేలాది కుటుంబాల జీవితకాలపు దుఃఖమవుతుంది. తరం తరువాత తరం మేనరికమే చేసుకున్న ఇళ్లలో భార్యాభర్తల చుట్టరికం ఒకటికి నాలుగు దారులలో కలుస్తుంది గనుక, అసలు ప్రమాదం పైలెక్క కన్నా ఎక్కువే.

మొదటి సాకు: రక్తవర్గాలు వేరు

పెళ్లికి ముందు ఇద్దరి రక్తవర్గాలు చూపించి, అవి వేరుగా ఉంటే మేనరికం ఫర్వాలేదని ఖాయం చేసుకునే అలవాటు మన జిల్లాలో చదువుకున్న ఇళ్లలో బాగా పాతుకుపోయింది. దీనికి ఆధారం ఏ వైద్య గ్రంథంలోను లేదు. ఎ, బి, ఓ వర్గాలను నిర్ణయించేది ఒక్క జన్యువు. మనిషిలో దాదాపు 20,000 జన్యువులున్నాయి. ఒక్క పేజీ చూసి పుస్తకమంతా వేరని ఎలా చెప్పగలం? ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్లలో ఒకరిది ఎ, మరొకరిది బి కావచ్చు. వర్గాలు వేరైనంత మాత్రాన వారిద్దరూ పరాయివారవుతారా? ఆర్‌హెచ్ నెగటివ్ అన్నది వేరే విషయం. గర్భిణిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే ఇవ్వవలసిన ఇంజెక్షన్ ఉంది, ఆ పరీక్ష అవసరమే. దానికీ మేనరికానికీ సంబంధం లేదు.

రెండో సాకు: గోత్రాలు, ఇంటిపేర్లు వేరు

గోత్రమైనా ఇంటిపేరైనా తండ్రి వైపునుండి మాత్రమే సంక్రమించే గుర్తు. జన్యువులు అలా ఒక వైపు నుండే రావు. తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వస్తాయి. మీకు నలుగురు తాతామామ్మలు, అమ్మమ్మాతాతయ్యలు. గోత్రం ఆ నలుగురిలో ఒక్కరి లెక్కనే చూస్తుంది. తక్కిన ముగ్గురినీ మరచిపోతుంది.

మన వరసల విచిత్రం చూడండి. పినతల్లి కూతురితో పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే చెవులు మూసుకుంటాం. ఆమె చెల్లెలు గదా అంటాం. మేనమామ కూతురైతే మరదలు గదా అని ముహూర్తం చూస్తాం. జన్యువుల లెక్కలో ఈ ఇద్దరికీ అణుమాత్రం తేడా లేదు. ఇద్దరూ మీతో సమానంగా ఎనిమిదో వంతు పంచుకున్నవారే. ఇక అక్క కూతురి సంగతి మరీ దారుణం. మేనమామకు, మేనకోడలికి మధ్య ఉన్న జన్యు సామ్యం నాలుగో వంతు. ఒకే తండ్రికి ఇద్దరు భార్యల వల్ల పుట్టిన అన్నాచెల్లెళ్ల మధ్య ఉండేది కూడా సరిగ్గా అంతే. ఆ పెళ్లిని ఊహించడానికే మీకు ఏవగింపు కలుగుతుంది. ఈ పెళ్లికి మాత్రం పందిరి వేస్తారు. వరసలు మనం పెట్టుకున్న పేర్లు. కణంలోని జన్యువులకు ఆ పేర్లు తెలియవు.

మూడో సాకు: మా ఇంట్లో ఏమీ కాలేదు

ఇద్దరూ వాహకులైన దంపతులనే తీసుకోండి. ప్రతి కాన్పులోను బిడ్డ ఆరోగ్యంగా పుట్టే అవకాశం నాలుగింట మూడు. ఇద్దరు పిల్లలతో సరిపెట్టుకుంటే, ఇద్దరూ ఆరోగ్యంగా ఉండే అవకాశం పదహారింట తొమ్మిది. అంటే నూటికి 56 జంటలకు తమలో లోపమున్నదన్న సంగతే తెలియదు. వారు తమ ఇంటిని మేనరికానికి మంచి ఉదాహరణగా చూపుతారు. లోపం మాత్రం పిల్లలలో చాలామందికి మౌనంగా అంది, మరో మేనరికం కోసం కాచుకొని ఉంటుంది. చిన్న కుటుంబాల కాలంలో "ఏమీ కాలేదు" అన్న సాక్ష్యానికి విలువ ఇంకా తగ్గిపోయింది.

పూర్వకాలపు పెద్ద కుటుంబాల మాట అంటారా? మీ నాయనమ్మకు ఎంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అని అడిగి చూడండి. పోయినవారు ఎందుకు పోయారని అడగండి. బాలారిష్టమనో, దిష్టి అనో, గాలి సోకిందనో సమాధానం వస్తుంది. వారిలో చాలామందిని అంటువ్యాధులు తీసుకుపోయిన మాట నిజమే. ఏ పసివాడిని జన్యులోపం తీసుకుపోయిందో చెప్పగల పరీక్ష ఆనాడు లేదు. లెక్క రాయనంత మాత్రాన నష్టం జరగలేదని అర్థం కాదు.

నాలుగో సాకు: ప్రకృతి ఎప్పుడో ఏరివేసింది

ఇది చదువుకున్నవారి సాకు. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వేల ఏళ్లుగా మేనరికాలు చేసుకోవడం వల్ల మన జాతిలో చెడ్డ జన్యువులు బయటపడి, నశించి, రక్తం శుభ్రపడిందని వీరి వాదం. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని తమకు సాక్షిగా పిలుస్తారు.

1908లో గణితవేత్త హార్డీ, మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన ఆ హార్డీయే, ఒక సూత్రం ప్రకటించాడు. అదే సంవత్సరం జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్ కూడా విడిగా దానినే కనుగొన్నాడు. బయటి శక్తి ఏదీ పనిచేయకపోతే, ఒక పెద్ద సమాజంలో జన్యువుల నిష్పత్తి తరతరాలకూ మారదు అన్నదే ఆ సూత్రం. ఏ లోపమూ దానంతటదే కరిగిపోదు. ప్రకృతి వరణం ఆ బయటి శక్తులలో ఒకటి. అయితే దానికి కనిపించేది జబ్బు మాత్రమే. ఇందాకటి ఉదాహరణలో, 10,000 మందిలో జబ్బు పడేది ఒక్కరు. ఆరోగ్యంగా ఉంటూ లోపాన్ని మోసే వాహకులు 198 మంది. వరణం చేయి ఆ ఒక్కరిని తాకుతుంది, 198 మందిని తాకదు. ఆ జబ్బుతో పుట్టిన ప్రతి బిడ్డా మరణించినా, సాధారణ వివాహాలుండే సమాజంలో ఆ లోపపు నిష్పత్తి నూటికి ఒకటి నుండి సగానికి తగ్గడానికి నూరు తరాలు పడుతుంది. అంటే ఇంచుమించు రెండున్నర వేల ఏళ్లు. ఈలోగా ఉత్పరివర్తనాల వల్ల కొత్త లోపాలు పుడుతూనే ఉంటాయి.

మేనరికాలుంటే ఆ ఏరివేత కొంత వేగిరపడుతుందన్నది నిజమే. కానీ ఎలా వేగిరపడుతుంది? లోపపు ప్రతులు రెండేసి చొప్పున పసిబిడ్డలలో కూడి, ఆ బిడ్డలు మరణించడం వల్ల వేగిరపడుతుంది. "రక్తం శుభ్రపడింది" అన్న మాటకు తెలుగులో అసలు అర్థం "ఎవరి బిడ్డలో పోయారు" అని. ఆ శుభ్రతకు మీ ఇంటి బిడ్డను ఇస్తారా అని అడిగితే ఏ తాత సరేనంటాడు?

వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది, దానికి లేని నష్టం మనకెందుకని అడిగేవారూ ఉన్నారు. వరి ఆ స్థితికి రావడానికి ఎన్ని వేల తరాలలో ఎన్ని బలహీనపు మొక్కలు నశించాయో ఎవరూ లెక్క పెట్టలేదు. పొలంలో తేడా మొక్క కనబడితే పీకి గట్టు మీద వేస్తాం. మనుషుల పొలానికి అలాంటి గట్టు లేదు, ఉండకూడదు. పాడి రైతు మాత్రం ఈ విషయంలో మనకన్నా తెలివైనవాడు. ఒక దున్నకు పుట్టిన పడ్డ ఎదకు వచ్చేసరికి ఆ దున్నను మార్చేస్తాడు. గేదె విషయంలో పాటించే జాగ్రత్త కూతురి విషయంలో అక్కరలేదా?

వరణానికి మరో పరిమితి కూడా ఉంది. పిల్లలు పుట్టే వయసు దాటాక వచ్చే జబ్బు దాని చూపుకు ఆనదు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు భారత ఉపఖండ ప్రజలలో సుమారు 4 శాతం మందిలో ఉందని, హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ తదితరులు 2009లో వెల్లడించారు. దాని దెబ్బ తరచుగా నడివయసు దాటాకే కనిపిస్తుంది. అప్పటికే ఆ జన్యువు పిల్లలకు చేరిపోతుంది. ఒక్కొక్కప్పుడు వరణమే లోపాన్ని కాపాడుతుంది కూడా. సికిల్ సెల్ వాహకులకు మలేరియా నుండి కొంత రక్షణ ఉంటుంది గనుక, మలేరియా ఉన్నచోట ఆ జన్యువు నిలిచిపోయింది. మన రాష్ట్రపు మన్యం ప్రాంతాలలో నేటికీ దాని బాధితులున్నారు. ప్రకృతికి మన బిడ్డల క్షేమం లక్ష్యం కాదు. ఎక్కువ సంతానం మిగిలిన జన్యువు నిలుస్తుంది, అంతే.

చుట్టరికం లేకపోతే చాలునా?

మేనరికం మానేసి స్వకులంలోనే దూరపు సంబంధం చేసుకుంటే అంతా క్షేమమేనా? చాలావరకు మేలే. పూర్తిగా కాదు. ఈ సంగతి అర్థం కావడానికి మన సముద్రతీరమే మంచి ఉదాహరణ. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారని చరిత్ర. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మన కళ్లముందు జరిగినదే. ఒక సమూహం ఇలా హఠాత్తుగా కుంచించుకుపోతే, మిగిలిన కొద్దిమందిలో ఉన్న లోపాలే తరువాతి తరాలన్నింటికీ వారసత్వమవుతాయి. సీసా మెడలోంచి కొన్ని గింజలే బయటకు రాలినట్లన్నమాట. అయితే బందరు ఊరు ఒకే వివాహ వలయం కాదు. ఇక్కడ బతికిన ప్రతి కులం వారికీ చుట్టుపక్కల జిల్లాలలో వియ్యపువారున్నారు. అందుచేత ఉప్పెన ఊరిని ఖాళీ చేసింది గాని, జన్యువులకు సీసా మెడ కాలేదు.

ఉప్పెన చేయని పనిని పెళ్లి గీత చేసింది. కొద్దిమంది పూర్వీకులతో మొదలై, వేల ఏళ్లుగా బయటివారితో వియ్యమందని సమూహానికి ఆ పూర్వీకుల లోపాలే మిగులుతాయి. దీనినే వ్యవస్థాపక ప్రభావమంటారు. 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ప్రకటించిన పరిశోధనలో దక్షిణాసియాలోని ఎన్నో సమూహాలలో ఈ ప్రభావం బలంగా కనిపించింది. అందులో వారు చూపిన ఉదాహరణ మన వైశ్య సమాజానిదే. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే స్కోలిన్ అనే కండరాల సడలింపు మందును విరిచే ఎంజైము లోపం వీరిలో ఇతరులకన్నా దాదాపు నూరు రెట్లు ఎక్కువ. ఆ లోపమున్న వ్యక్తికి మామూలు మోతాదు ఇచ్చినా గంటల తరబడి సొంతంగా ఊపిరి ఆడదు. సంగతి ముందే తెలిస్తే మత్తు వైద్యుడు వేరే మందు వాడతాడు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. ప్రతి మూసిన వలయంలోను ఇలాంటివి ఏవో ఉంటాయి. కొన్నింటిని కనుగొన్నాం, కొన్నింటిని ఇంకా కనుగొనలేదు. లక్షల జనాభా ఉన్న కులం గనుక మాకు భయం లేదనడం కూడా పొరపాటే. ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఎంతమందితో మొదలయ్యారన్నది ప్రశ్న.

ఇతరులు చేసిన పని

సైప్రస్ ద్వీపంలో తలసీమియా విపరీతంగా ఉండేది. 1970ల నుండి వాహక పరీక్షలు మొదలుపెట్టారు. పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్లు పత్రం చూపాలని అక్కడి చర్చి కూడా నియమం పెట్టింది. ఆ జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు చేరింది. న్యూయార్క్‌లోని సనాతన యూదులవీ మనలాగే పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు. టే-సాక్స్ అనే ప్రాణాంతక వ్యాధికి నలుగురు పిల్లలను కోల్పోయిన ఒక మతగురువు 1983లో అక్కడ ఒక సంస్థను స్థాపించాడు. యువతీయువకులకు ముందే రక్తపరీక్ష చేసి, సంబంధం మాట్లాడే వేళ ఆ జంట కుదురుతుందో లేదో మాత్రమే చెబుతారు. ఎవరి పరువూ బజారున పడదు. జాతకాలు కలిపి చూసే మనకు ఈ పద్ధతి కొత్తగా ఉండవలసిన పని లేదు.

మనమేమో వెనక్కి నడుస్తున్నాం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోని వంశపారంపర్యం, జీవపరిణామం అనే పాఠం నుండి జీవపరిణామాన్ని తొలగించింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాసి అభ్యంతరం చెప్పారు. ఇంటర్‌లో జీవశాస్త్రం తీసుకున్నవారికి ఆ పాఠం ఎలాగూ దొరుకుతుంది. లెక్కలో, కామర్సో తీసుకున్నవారి మాటేమిటి? వారు పెళ్లిళ్లు చేసుకోరా?

మీరు చేయవలసినవి

అక్క కూతురిని చేసుకోవడం ఇక పూర్తిగా ఆగిపోవాలి. మేనబావ, మేనమరదళ్ల పెళ్లిళ్లు కూడా మానడమే మంచిది. ఆడపిల్లకు తెలిసిన ఇంట భద్రత ఉంటుందన్న వాదన నాకు తెలుసు. ఆ భద్రత బిడ్డ జబ్బు పడిన నాడు ఏమవుతుందో కూడా తెలుసు. ఆమె కడుపు మంచిది కాదని మొదట అనేది ఆ తెలిసిన ఇంటివారే. అంతర్గత జన్యులోపం తల్లి నుండి ఎంత వస్తుందో తండ్రి నుండి కూడా అంతే వస్తుంది. ఇందులో తల్లిని నిందించడం అన్యాయమే కాక అజ్ఞానం కూడా.

ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు బెంగపడవద్దు. మూడు తరాల వంశవృక్షం రాసి, ఎవరు పసితనంలో పోయారు, ఎవరికి చెవుడు, మూర్ఛ, మందబుద్ధి, పదేపదే రక్తం ఎక్కించవలసిన అవసరం ఉన్నాయో గుర్తించండి. గర్భం దాల్చక ముందే జన్యు సలహాదారును కలవండి. హైదరాబాదులో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం, సీడీఎఫ్‌డీ ఇందుకోసం ఉన్నాయి. తలసీమియా వాహకులను సాధారణ రక్తపరీక్షతోను, హెచ్‌బీఏ2 పరీక్షతోను మన ఊళ్లలోనే పట్టుకోవచ్చు. బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించండి. శస్త్రచికిత్సకు వెళ్లేముందు, మీ కుటుంబంలో మత్తుమందుకు ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే ఆ సంగతి మత్తు వైద్యుడికి తప్పక చెప్పండి.

రేపు మీ ఇంట పెళ్లి మాట వచ్చినప్పుడు రక్తవర్గం చీటీ, గోత్రం చిట్టా పక్కన పెట్టి, అమ్మాయికీ అబ్బాయికీ ఉమ్మడి తాతామామ్మలు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఉన్నారంటే ఆ మాటను అక్కడితో ఆపండి. నొచ్చుకున్న మేనమామ ఏడాదికి మళ్లీ పలకరిస్తాడు. జబ్బుతో పుట్టిన బిడ్డ బాధ ఏడాదితో తీరేది కాదు.